ఎలుక తోక, నాయన వేళ్లు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఊరు. నేను ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. మా నాయనకు 52 ఏళ్లు. పద్దెనిమిదేళ్లుగా కంప్రెసర్ పని చేస్తున్నాడు. మొదట్లో బావులు లోతు తీసే పనికి పోయేవాడు. ఇప్పుడు గ్రానైట్ క్వారీలో డ్రిల్లింగ్ చేస్తాడు, అవసరమైతే గ్రైండర్ కూడా పట్టుకుంటాడు. రెండేళ్లుగా రెండు చేతుల వేళ్లూ తిమ్మిరి. రాత్రిపూట లేచి కూర్చుని చేతులు విదిలిస్తాడు. చొక్కా గుండీలు అమ్మే పెడుతుంది. సెమినార్ కోసం వెతుకుతుంటే, ఎలుకల తోకలను అదిరే యంత్రానికి కట్టి నరాలకు ఏమవుతుందో చూసిన పరిశోధనలు దొరికాయి. నాయనకు చెబితే "ఎల్కకు తోకుంటది, నాకేడిది బిడ్డా?" అని నవ్వాడు. అదిరే మిషన్లతో వచ్చే ఈ జబ్బులో వేళ్లు తెల్లగా పాలిపోతాయని చదివాను. ఆయనకు అలా ఎప్పుడూ కాలేదు. కాబట్టి "నాకు ఏ జబ్బూ లేదు" అంటాడు. ఇది చాలదన్నట్టు తమ్ముడు ఆన్‌లైన్‌లో వైబ్రేషన్ మసాజ్ మిషన్ తెప్పించాడు, దాంతో నరాలు తెరుచుకుంటాయట. ఎలుకల సంగతి మనిషికి ఎంతవరకు వర్తిస్తుంది? నాయన విషయంలో ఏం చేయాలి? (ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా)

జవాబు: మీ నాయన నవ్వుతూ అన్నాడు గానీ, అసలు ప్రశ్న అదే అమ్మా. తోక ఎక్కడ, వేలు ఎక్కడ? చాలా ఏళ్లు ఫిజియాలజీ పాఠాలు చెప్పినవాణ్ని. ఎలుకను చూపించి మనిషి గురించి మాట్లాడేవాళ్లు ఎవరైనా సరే, ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలి.

ఎలుక తోకలో కండ చాలా తక్కువ. చర్మం, ఎముకలు, వాటిని పట్టి లాగే నరాల్లాంటి తాళ్లు, రక్తనాళాలు, అసలైన నరాలు, అంతే. మన వేలిని కోసి చూసినా దాదాపు ఇవే ఉంటాయి. పైగా ఎలుకకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. ఒంట్లోని వేడిని బయటికి పంపే పనిలో తోకది పెద్ద వాటా. ఉక్కపోస్తే తోకలోని రక్తనాళాలు తెరుచుకుంటాయి, చలేస్తే ముడుచుకుంటాయి. మన వేళ్లలోనూ ఇదే జరుగుతుంది. అన్నిటికంటే పెద్ద పోలిక మరొకటి ఉంది. ఊయలను దాని ఊపుకు తగ్గట్టు తోస్తే చిటికెన వేలితో తోసినా పైకి లేస్తుంది, లయ తప్పి తోస్తే బలమంతా వృథా. శరీరంలో ఒక్కో భాగానికీ అలాంటి సొంత లయ ఉంటుంది. మనిషి వేలికి అది సెకనుకు సుమారు వంద నుంచి మూడు వందల సార్ల మధ్య. ఎలుక తోకకూ ఇంచుమించు అక్కడే. తోకను ఎంచుకున్నది అందుకే. తోక లేకపోయినా మీ నాయనకు పది వేళ్లు ఉన్నాయి.

ఇక ఆ ప్రయోగాల సంగతి. అమెరికాలోని మోర్గన్‌టౌన్‌లో పనివాళ్ల ఆరోగ్యం మీద పరిశోధనలు చేసే ప్రభుత్వ సంస్థ ఉంది, పేరు నయాష్. అక్కడ క్రిస్టీన్ క్రైనాక్ బృందం చాలా ఏళ్లు ఈ పని చేసింది. ఎలుకను గొట్టం లాంటి దాంట్లో కదలకుండా ఉంచి, తోకను ఒక బల్లకు పట్టీలతో కడతారు. ఆ బల్ల సెకనుకు 125 సార్లు అదురుతుంది. రోజుకు నాలుగు గంటలు, ఇలా పది రోజుల వరకు. పక్కనే ఇంకో ఎలుకను అచ్చం అలాగే గొట్టంలో పెట్టి, తోకను అదరని బల్లకు కడతారు. గొట్టంలో ఇరుక్కోవడమే ఎలుకకు పెద్ద టెన్షన్. ఆ రెండో ఎలుక లేకపోతే దేనివల్ల ఏమైందో చెప్పలేం. సెమినార్‌లో ఈ రెండో ఎలుక గురించి తప్పకుండా చెప్పండి, చాలామంది దాన్ని మరిచిపోతారు.

ఒక్కరోజు అదిరించి, తోకకు చిన్నగా కరెంటు తగిలించి చూశారు. స్పర్శను మోసే లావు నరాలు కొంతసేపు మొద్దుబారి, తర్వాత తేరుకున్నాయి. క్వారీలో దిగినవాళ్లకు ఇది తెలిసిన అనుభవమే. మొదటి ఏడాది సాయంత్రం చేతులు జుమ్మంటాయి, పొద్దునకు మామూలైపోతాయి. "అలవాటైపోతది" అని మేస్త్రీ అంటాడు. అదురు రోజూ కొనసాగితే ఏమవుతుందో నరాన్ని కోసి మైక్రోస్కోపు కింద చూసినవాళ్లు చెప్పారు.

1987లో స్వీడన్‌లో లుండ్‌బోర్గ్, డాలిన్ బృందం ఎలుక వెనక కాలిని కొన్ని రోజులు అదిరించి చూసింది. నరం లోపల నీరు చేరింది. చర్మం కింద ఎక్కడైనా వాపు వస్తే ఆ నీరు మెల్లగా లాగేసుకుపోతుంది. నరానికి ఆ వెసులుబాటు లేదు. దాని చుట్టూ గట్టి తొడుగు ఉంటుంది, లోపలి నుంచి నీటిని తోడేసే కాలువలు ఉండవు. వానకు ఉబ్బిన తలుపు గుమ్మంలో ఎలా బిగుసుకుపోతుందో చూశారు కదా? గుమ్మం సాగదు, తలుపు తగ్గదు. లోపల ఒత్తిడి పెరిగి, నరానికి రక్తం అందించే సన్నటి నాళాలు నొక్కుకుపోతాయి.

తర్వాత దెబ్బ తినేది నరం పోగు మీది కొవ్వు పొర, మైలిన్. మన ఊళ్లలో బోరు మోటారు కాలిపోతే వైండింగ్ చేయిస్తాం కదా. ఆ రాగి తీగ మీద పలచటి ఎనామిల్ పూత ఉంటుంది. తీగ తెగకపోయినా పూత లేస్తే మోటారు పనికిరాదు. మైలిన్ కూడా అలాంటిదే. అదిరించిన తోకల నరాల్లో ఆ పొర చీలి, ముడతలుపడి, లోపలికి మడతపడి కనిపించింది. తీగ ఇంకా ఉంది, పూత లేచింది. ఇది వినడానికి భయంగా ఉన్నా, ఒక రకంగా ఆశ కలిగించే సంగతి. పూత మాత్రమే పోతే శరీరం మళ్లీ వేసుకుంటుంది. తీగే తెగితే అది మళ్లీ పెరగాలి, మనిషిలో ఆ పెరుగుదల రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. మణికట్టు నుంచి వేలికొస దాకా ఒక జానెడు దూరం. అన్నీ అనుకూలించినా ఆరు నెలలు పడుతుంది. ఆ ఆరు నెలలూ రోజూ మళ్లీ అదే మిషన్ పట్టుకుంటే లెక్క ఎక్కడికి పోతుందో మీరే వేసుకోండి.

మీ నాయన పనికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది విస్కాన్సిన్ వైద్య కళాశాలలో డానీ రైలీ బృందం చేసిన పని, 2011లో వచ్చింది. వాళ్లు నున్నగా ఊగే బల్లను పక్కనబెట్టి, విమానాల రేకులకు రివెట్లు కొట్టే సుత్తి మిషన్‌ను తోకకు తగిలించారు. పన్నెండు నిమిషాలు చాలు, చర్మంలోని నరాల కొసలు పాడైపోయాయి. గంటల తరబడి నున్నటి అదురు చేసే దానికంటే కొన్ని నిమిషాల మొరటు దెబ్బలు ఎక్కువ చేశాయన్నమాట. రాతిని పొడిచే డ్రిల్లింగ్ మిషన్ కూడా దెబ్బలు కొట్టేదే. నిమిషానికి రెండు వేల దెబ్బలంటే సెకనుకు ముప్పై చిల్లర. చూడటానికి అది తక్కువ సంఖ్యే. కానీ ఉక్కు రాయిని తాకిన ప్రతిసారీ ఆ దెబ్బలో చాలా వేగమైన అదురులు కలిసి వస్తాయి. ఇక గ్రైండర్ సంగతి. నాలుగంగుళాల గ్రైండర్ మీద నిమిషానికి 11,000 తిరుగుళ్లు అని రాసి ఉంటుంది. అరవైతో భాగించండి, సెకనుకు 183. వేలి సొంత లయ ఎంతని చెప్పాను? నాయన "గ్రైండర్ తేలిక పని" అనుకుంటుంటే, ఈ లెక్క ఒకసారి చూపించండి.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం ఉంది, జువాలజీ విద్యార్థి కాబట్టి మీకు చెప్పక తప్పదు. ఎలుకలకు ఇచ్చిన అదురు 49 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్, అంటే భూమ్యాకర్షణకు ఐదింతలు. యూరప్‌లో పనివాడి చేతికి ఎనిమిది గంటల రోజుకు పెట్టిన గరిష్ఠ పరిమితి 5. రెండింటినీ పక్కపక్కన పెట్టి "పది రెట్లు ఎక్కువ ఇచ్చారు, ఎలుకకు కాకేం చేస్తుంది" అనేవాళ్లు ఉంటారు. అది తప్పు. పనివాడి లెక్కను ఐఎస్‌ఓ 5349 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వేస్తారు. అందులో నెమ్మదైన అదురుకు ఎక్కువ మార్కులు, వేగమైన అదురుకు తక్కువ మార్కులు. సెకనుకు 125 సార్ల దగ్గర అసలు విలువలో ఎనిమిదో వంతే లెక్కలోకి వస్తుంది. అంటే ఎలుక తోకకు తగిలిన 49, పనివాడి భాషలో సుమారు 6. అదీ నాలుగు గంటలే కాబట్టి ఎనిమిది గంటల రోజుకు సర్దితే నాలుగున్నర లోపే. యూరప్ చట్టం ప్రకారం అది పరిమితిలోపే ఉన్నట్టు! చర్య మొదలుపెట్టాల్సిన 2.5 దాటింది గానీ, ఆపేయాల్సిన 5 దాటలేదు. అంత మోతాదుకే పది రోజుల్లో నరంలో మార్పు కనిపించింది. వేళ్ల విషయంలో ఈ లెక్క వేగమైన అదురును తక్కువ చేసి చూపిస్తోందని ఈ రంగంలోవాళ్లు వాదిస్తున్నది ఇలాంటి ప్రయోగాలను పట్టుకునే. ఆ వాదన నాకు సబబే అనిపిస్తుంది.

అలాగని ఎలుకను నెత్తిన పెట్టుకోకండి. తోక మిషన్‌ను గట్టిగా పట్టుకోదు. మీ నాయన పట్టుకుంటాడు, ఆ పట్టు బిగిసేకొద్దీ అదురు చేతిలోకి ఇంకా ఎక్కుతుంది. ఎలుకకు పది రోజులు, ఆయనకు పద్దెనిమిదేళ్లు. ఎలుక బీడీ కాల్చదు, పైగా ఆరోగ్యంగా ఉన్నదాన్నే తెస్తారు. నరంలో నష్టం ఏ వరుసలో మొదలవుతుందో ఎలుక చెబుతుంది. ఎన్నేళ్లకు ఎంత అవుతుందో చెప్పలేదు.

ఇప్పుడు తెల్లబడే వేళ్ల గురించి. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టిన మాట ఇదే. పుస్తకాల్లో ఈ జబ్బుకు పెట్టిన గుర్తు చలిదేశాలది. 1918లో అలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ అమెరికాలోని ఇండియానాలో సున్నపురాయి చెక్కే కార్మికులను పరీక్షించింది. గాలి సుత్తితో పని చేసేవాళ్ల వేళ్లు చలి పొద్దుల్లో పాలిపోయి, రక్తం లేనట్టు కనిపించాయి. తర్వాత ఈ జబ్బుకు "తెల్ల వేళ్లు" అన్న పేరు నిలిచిపోయింది. కానీ వేళ్లు తెల్లబడాలంటే చలి కావాలి. మే నెలలో 44, 45 డిగ్రీలు కాసే నల్లగొండలో రక్తనాళం ఎందుకు ముడుచుకుంటుంది? మలేషియా, వియత్నాం లాంటి వేడి దేశాల్లో ఇలాంటి పనివాళ్లను పరీక్షించినప్పుడు తెల్ల వేళ్లు కనిపించలేదు, తిమ్మిర్లు మాత్రం ఉన్నాయి. రక్తనాళానికి జరిగిన దెబ్బ బయటపడటానికి చలి కావాలి, నరానికి జరిగిన దెబ్బకు అక్కర్లేదు. కాబట్టి "తెల్లబడలేదు, నాకేం లేదు" అన్న మాట మన ఎండలో చెల్లదు. ఇక్కడ తిమ్మిరే తొలి గుర్తు. చాలామందిలో చివరిదాకా కనిపించేదీ అదే. మనుషుల్లో చూసిన ఇంకో సంగతి కూడా చెప్పాలి. పని మానేస్తే తెల్ల వేళ్లు కొంత తగ్గవచ్చు గానీ, నరం మొద్దుబారడం చాలాసార్లు అలాగే ఉండిపోతుంది. గుండీలు పెట్టుకోలేని దశ వచ్చిందంటే తొలి మెట్టు దాటినట్టే.

అయితే ఆయన తిమ్మిరికి కారణం మిషనేనని ఇక్కడ కూర్చుని నేను తీర్పు చెప్పను. రాత్రిళ్లు లేచి చేతులు విదిలించడం మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయినప్పటి లక్షణం. అదిరే మిషన్లు పట్టేవాళ్లకు అదీ ఎక్కువగానే వస్తుంది, దానికి చికిత్స ఉంది, అవసరమైతే చిన్న ఆపరేషన్ కూడా. షుగర్ తప్పక చూపించండి, థైరాయిడ్, బీ12 కూడా. చర్మం మీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చలు ఉన్నాయేమో మీరే చూడండి. కుష్ఠు ఇంకా పోలేదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇక మన జిల్లా శాపం ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లలో వెన్నెముక లోపలి దారి ఇరుకై, నరాలు నొక్కుకుపోవడం ఉంది. చిన్నప్పుడు ఏ నీళ్లు తాగాడు, మెడ పైకెత్తగలడా, కాళ్లు బిగుసుకుంటున్నాయా అన్నది డాక్టరుకు చెప్పాలి.

నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ముందు జనరల్ మెడిసిన్‌కు చూపించండి, అవసరమైతే వాళ్లే హైదరాబాద్ నిమ్స్‌కు రాస్తారు. ఓపీలో డాక్టరు ముందున్న రద్దీలో "చేతులు తిమ్మిరి" అని ఒక్క ముక్క చెబితే బీ కాంప్లెక్స్ రాసి పంపేస్తారు. అది డాక్టరు తప్పు కూడా కాదు. ఏ మిషన్, రోజుకు ఎన్ని గంటలు, ఎన్నేళ్లు అని ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి. నరాల వేగం కొలిచే పరీక్ష చేయిస్తే రిపోర్టు నార్మల్ అని రావచ్చు, అప్పుడు సంబరపడిపోకండి. ఆ పరీక్ష లావు నరాలను చూస్తుంది. వేలి కొసల్లోని సన్న నరాలు పాడైతే అందులో దొరకవు. రివెట్ సుత్తి పాడుచేసింది ఆ కొసలనే అని పైన చెప్పాను కదా.

పని మానెయ్యమని చెప్పడం నాకు తేలిక. ఇంట్లో పొయ్యి వెలగాల్సింది ఆ పనితోనే అని నాకు తెలుసు. అయినా లెక్క ఎలా ఉంటుందో చూడండి. మిషన్ అదురు పనివాడి లెక్కలో 15 అనుకుందాం, పాత డ్రిల్లింగ్ మిషన్లకు అది వింత సంఖ్య కాదు. అలాంటి దాన్ని చేత్తో పట్టుకుని యూరప్ పరిమితి చేరడానికి యాభై మూడు నిమిషాలు చాలు. రోజంతా ఒక్కడే పట్టుకునే బదులు ఇద్దరు ముగ్గురు వంతులు మార్చుకుంటే ఒక్కొక్కరి వాటా సగానికి, మూడో వంతుకు పడిపోతుంది. మేస్త్రీతో మాట్లాడాల్సింది దీని గురించే. మొద్దుబారిన బిట్ రాయిని కోయలేక చేతిని కోస్తుంది, దాన్ని పదును పెట్టించాలి. మిషన్‌ను బిగించి పట్టుకోకుండా దాని బరువు మీదనే పని చేయనివ్వాలి. మిషన్ లోంచి వచ్చే గాలి చల్లగా ఉంటుంది, ఎండలో హాయిగా అనిపించి చేతుల మీదికి తిప్పుకునేవాళ్లున్నారు. అది అవతలికి పోవాలి. బీడీ రక్తనాళాలను ముడుస్తుంది, దాని గురించి ఇంట్లో ఇప్పటికే గొడవ జరిగి ఉంటుంది కాబట్టి నేను పొడిగించను. గ్లౌజుల మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. డ్రిల్లింగ్ మిషన్ దెబ్బలను అవి పెద్దగా ఆపవు, మందంగా ఉంటే పట్టు ఇంకా బిగించాల్సి వస్తుంది. కోతలు, గీతలు పడకుండా అయితే వేసుకోవచ్చు. దుమ్ము గురించి మీరు అడగలేదు గానీ, నీళ్లు పోయకుండా రాయి తొలిచే క్వారీ అయితే నాకు ఊపిరితిత్తుల గురించీ భయమే.

మసాజ్ మిషన్ సంగతి. తమ్ముడి మీద కోప్పడకండి, అతని ఆలోచనకు ఒక మూలం లేకపోలేదు. క్లింటన్ రూబిన్ బృందం 2001లో గొర్రెలను రోజుకు ఇరవై నిమిషాలు, సెకనుకు 30 సార్ల మెత్తటి అదురు మీద ఏడాదిపాటు నిలబెడితే తొడ ఎముక లోపలి భాగం గట్టిపడింది. ఆ అదురు భూమ్యాకర్షణలో మూడో వంతుకు కూడా తక్కువ. తోక ప్రయోగంలోనిది దానికి పదహారు రెట్లు. పైగా అక్కడ బలపడింది ఎముక, నరం కాదు. అదురుతో దెబ్బతిన్న నరానికి ఇంకో అదురు మందు అవుతుందని చెప్పడానికి ఆ గొర్రెలు సాక్ష్యం చెప్పవు. స్పర్శ సరిగా తెలియని చేతికి ఎంత గట్టిగా నొక్కుతోందో కూడా తెలియదు. వాపసు ఇచ్చే గడువు ఉంటే ఇచ్చేయండి, లేకపోతే మీ అమ్మ నడుముకు వాడుకోనివ్వండి.

ఒక్క విషయం మీరు రాయలేదు. రాత్రి విదిలించేటప్పుడు ఏ వేళ్లు తిమ్మిరెక్కుతాయి? బొటనవేలు, చూపుడు, మధ్య వేలు అయితే మణికట్టు చూడాలి. చిటికెన వేలు, దాని పక్కది అయితే మోచేయో మెడో చూడాలి. పదీ సమానంగా అయితే, ముఖ్యంగా కాళ్ల వేళ్లలోనూ ఉంటే, షుగర్, బీ12 పరీక్షలు ముందు చేయించాలి. ఈ రాత్రి ఆయన లేచినప్పుడు మీరూ లేచి అడగండి. పొద్దున అడిగితే "అన్నీ" అంటాడు.